బోర్లించిన గ్లాసు

పొద్దున మఠం, మధ్యాహ్నం మద్యం. బార్సిలోనాలో టూరు కంపెనీల వాళ్లు ఒక్కరోజు యాత్రకు అమ్మే టికెట్‌ను మన భాషలో చెప్పుకోవాలంటే ఇంతే. బస్సులో ఓ గంట పోతే మోంట్‌సెరాత్ కొండ వస్తుంది. రంపంతో కోసిన కొండ అని ఆ పేరుకు అర్థం. 700 మీటర్ల పైచిలుకు ఎత్తున, నిటారు రాతిస్తంభాల కింద ఒదిగి, బెనెడిక్టు సంప్రదాయపు క్రైస్తవ సన్యాసుల మఠం ఉంది. 1025లో మొదలైంది, 2025కి వెయ్యేళ్లు నిండాయి. అక్కడ నల్ల మేరీమాతను చూసి, వీలైతే మఠం బడిపిల్లల పాట విని, కొండ దిగి పెనెదెస్ ద్రాక్షతోటల్లో మూడు నాలుగు రకాల వైన్ రుచి చూసి, పొద్దుగూకేసరికి హోటల్ చేరాలి. ఒక సమావేశానికని ఆ ఊరు వెళ్లిన నేను, మిగిలిన ఒక్క రోజుకి ఈ టికెట్ కొన్నాను.

తిరిగి వచ్చాక హైదరాబాదులో ఇద్దరు మిత్రులు చెరొక ప్రశ్న వేశారు. ఒకాయన అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. "బొమ్మ ముందర నిలబడనీకి అంత దూరం పోయినవా భాయ్?" అన్నాడు. రెండో ఆయన ఏ దేవుణ్నీ నమ్మడు, ఇరవయ్యేళ్ల స్నేహం మాది. "అంత దూరం పోయి గ్లాసు ముట్టకుండ వచ్చినవా? నువ్వు గూడ అంతేనా?" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకునే వాళ్లే. కానీ ఇద్దరూ నన్ను ఒకే త్రాసులో వేసి తూచారు. నేను ఎక్కడ నిలబడ్డాను, ఏం మింగాను అన్నదాన్నిబట్టి నేనెవరో తేల్చేశారు.

ముందు బొమ్మ సంగతి చెప్తాను. మోంట్‌సెరాత్ మేరీమాత పన్నెండో శతాబ్దం చివరి నాటి చెక్క విగ్రహం. ఒళ్లో బిడ్డ. కుడిచేతిలో ఒక గోళం. విగ్రహానికి అడ్డంగా అద్దం ఉంటుంది గానీ ఆ గోళం మాత్రం బయటికి వచ్చేలా అమర్చారు, జనం వరుసలో వచ్చి దాన్ని తాకిపోతారు. మొహం నలుపు. కొవ్వొత్తుల పొగకు నల్లబడిందని వెనక అనుకునేవారు, పూసిన రంగు, పూత కాలక్రమాన ముదిరాయని ఇప్పుడు అంటున్నారు. అక్కడి జనం ఆమెను 'మొరెనేతా' అంటారు, అంటే నల్లపిల్ల. మన పల్లెల్లో నల్లపోచమ్మ అనే ముద్దులాంటిదే. 1881లో పోపు ఆమెను కతలోనియాకు రక్షకురాలిగా ప్రకటించాడు. ఫ్రాంకో పాలనలో కతలాన్ భాషను బళ్లలోంచీ ఆఫీసుల్లోంచీ వెళ్లగొట్టినప్పుడు ఈ మఠం ఆ భాషకు నీడనిచ్చింది. 1970లో బాస్క్ ఖైదీల మీద సైనిక విచారణకు నిరసనగా దాదాపు 300 మంది రచయితలు, కళాకారులు ఈ మఠంలోనే తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఉర్దూలో అక్షరాలు దిద్దుకుని తెలుగులో పొట్టపోసుకుంటున్న నాలాంటి వాడికి ఆ గోడలు పరాయివిగా ఎట్లా అనిపిస్తాయి?

ఆ అమ్మ కూడా పరాయిది కాదు. ఖురాన్‌లో పేరు పెట్టి చెప్పిన ఒకే ఒక్క స్త్రీ మర్యమ్. ఆమె పేరు మీద ఒక సూరా ఉంది. తుర్కీ మసీదుల్లో ఇమామ్ నిలబడే మిహ్రాబ్ పైన తరచుగా రాసి కనపడే ఆయత్ ముక్క ఆమె ప్రార్థనా స్థలం గురించినదే. మా ఇళ్లలో మరియంబీ లేని వాడ ఉండదు. కనక నేను ఆ చర్చిలో నిలబడ్డాను. గోళాన్ని తాకలేదు. తాకే వాళ్ల కళ్లలో నీళ్లు చూశాను. ఆ నీళ్ల పట్ల గౌరవం ఉండడానికి నా తౌహీద్‌ను గుమ్మం దగ్గర వదిలి రానక్కర్లేదు. నమాజీ మిత్రుడికి నా జవాబు ఇదే.

ఈ కొండ దారిలోనే 1522లో ఒక సంగతి జరిగింది. లొయోలాకు చెందిన ఇగ్నేషియస్ అనే సైనికుడు యుద్ధంలో కాలు విరిగి, కోలుకుని, మనసు మారి ఈ మఠానికి కంచరగాడిద మీద వస్తున్నాడు. దారిలో ఒక ముస్లిం కలిశాడు, అతనూ అట్లాగే ఒక జంతువు మీద పోతున్నాడు. మాటల్లో మర్యమ్ ప్రస్తావన వచ్చింది. మగవాడి ప్రమేయం లేకుండా ఆమె గర్భం దాల్చిందని తానూ నమ్ముతానన్నాడు ముస్లిం. ప్రసవం తర్వాత కూడా కన్యగానే ఉందన్న మాట మాత్రం ఒప్పుకోలేనన్నాడు, తన కారణాలు చెప్పాడు, వేగంగా ముందుకు వెళ్లిపోయాడు. ఇగ్నేషియస్‌కు కడుపు రగిలింది. తల్లి ఇజ్జత్ కాపాడనట్టయిందే, వెంటపడి ఆ మనిషిని కత్తితో పొడవాలా వద్దా అని తేల్చుకోలేక గాడిద పగ్గాలు వదిలేశాడు. ముస్లిం వెళ్లిన ఊరి దారి పట్టిందా పొడిచేద్దాం, రాజమార్గం పట్టిందా వదిలేద్దాం అనుకున్నాడు. గాడిద రాజమార్గం పట్టింది. ఆయన మఠం చేరి రాత్రంతా జాగారం చేసి కత్తిని మేరీమాత ముందు పెట్టేశాడు. తర్వాత జెసూట్ సంఘం స్థాపించాడు. మన విజయవాడలో గుణదల మేరీమాత కొండకు చేరువలోనే ఉన్న లొయోలా కాలేజీ ఆయన పేరుదే. ఆ కాలేజీలో చదివి పైకొచ్చిన ముస్లిం పిల్లలు తక్కువేం కాదు. అంతా ఆ గాడిద చలవ!

ఈ కథను ఇగ్నేషియసే ముసలితనంలో చెప్పి రాయించాడు, దాచుకోలేదు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఆ బాటసారి ఎదుటి మనిషి విశ్వాసంలో ముఖ్యమైన భాగాన్ని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నదానికి ఎవరూ షుక్రియా చెప్పలేదు. మిగిలిన కాస్త దగ్గర 'నేను రాలేను' అన్నందుకు కత్తి గుర్తొచ్చింది. ఈ దేశంలో ముస్లింగా పుట్టినవాడికి ఈ లెక్క ఎక్కడో విన్నట్టు ఉండదూ? నీ పండక్కి వచ్చాను, నీ పెళ్లికి వచ్చాను, నీ భాషలో రాశాను, నీ పాట పాడాను. ఒక్కచోట ఆగాను. ఆ ఆగినచోటే నా చిరునామా అయింది.

మధ్యాహ్నం ద్రాక్షతోటలో జరిగింది చిన్న విషయమే. పొడుగాటి బల్ల, మనిషికి మూడు గ్లాసులు. అక్కడి మెరిసే వైన్‌ను సీసాలోనే రెండోసారి పులియబెడతారు. కనీసం తొమ్మిది నెలలు చల్లటి నేలమాళిగలో పడుకోబెట్టి, తర్వాత మూతి దగ్గర చేరిన మడ్డిని తీసేస్తారు. మకబేవు, షరెల్లో, పరెల్యాద అని మూడు రకాల ద్రాక్ష కలుపుతారు. ఆ పని వివరించిన మనిషి చేతుల్లో తరాల నైపుణ్యం ఉంది, శ్రద్ధగా విన్నాను. ఖురాన్ కూడా సారాయిలో లాభమే లేదనలేదు. పాపం లాభాన్ని మించిందంది. వడ్డించబోతుంటే నేను నా గ్లాసులు బోర్లించాను.

"ఆరోగ్యమా?" అని అడిగింది గైడమ్మ. అవునని ఉంటే సరిపోయేది. షుగరనో లివరనో చెబితే బల్లంతా జాలిగా చూసి ఊరుకునేది. "కాదమ్మా, మా మజహబ్‌లో లేదు" అన్నాను. బల్ల మీద చిన్న నిశ్శబ్దం. ఒకాయన నవ్వుతూ ఉపాయం చెప్పాడు: రుచి చూసి ఆ బకెట్లో ఉమ్మేయొచ్చుగా, అసలు పరీక్షకులు చేసేదదే! పాపం మంచి మనసుతోనే అన్నాడు. దీని మీద మా ఫిఖ్‌లో బోలెడు చర్చ ఉంది, ఖర్జూరం వగైరా పానీయాల విషయంలో ఇమామ్ అబూ హనీఫాది వేరే దారి కూడా. ద్రాక్షసారాయి దగ్గరికి వచ్చేసరికి చుక్కకైనా ఏ ఇమామూ ఒప్పుకోడు. ఇదంతా ఆయనకు చెప్పలేదు. ఒక 'వద్దు'కు ఇన్ని పేజీల సంజాయిషీ ఎందుకివ్వాలి?

ఆ బస్సులో మరో తెలుగు కుటుంబం ఉంది. వైన్‌తో పాటు పంది తొడ మాంసాన్ని పల్చగా కోసి పెట్టారు. ఆయన శాకాహారి, పళ్లెం పక్కకు జరిపాడు. గైడమ్మ వెంటనే ఆలివ్ కాయలు, రొట్టె తెచ్చి ఇచ్చింది. ఆయన్ని ఎవరూ కారణం అడగలేదు. ఆయనది అలవాటు, సంస్కృతి. నాది మాత్రం మతం. ఈ తేడా ముందు గమనించింది ఆయనే. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో "అదేంటి సార్, నన్ను ఒక్క మాట అనలేదు" అన్నాడు. ఆ మాటకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

ఒంటికి పడదు కనక వద్దంటే గౌరవం, మనసుకు పడదు కనక వద్దంటే అనుమానం. ఎందుకిలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు అభ్యుదయవాదులంతా చప్పట్లు కొట్టాం, కొట్టవలసిందే. అక్కడ వద్దనడం చైతన్యం. ఒక ముస్లిం వద్దంటే ఛాందసం. వద్దన్న వస్తువు ఒకటే, అన్న నోరు మారింది. 'నా నిరాకరణ నీ మీద తీర్పు కాదు' అని ఎదుటివాళ్లకు నచ్చజెప్పే భారం ఎప్పుడూ ఈ నోటి మీదే ఎందుకు పడాలి?

గ్లాసుతో మనిషిని తూచే పని ఆ నేల మీద ఒకప్పుడు చట్టమే. 1526కల్లా స్పెయిన్ అంతటా ఇస్లాంను నిషేధించి, ముస్లింలకు బలవంతపు బాప్తిస్మాలిచ్చారు. పొరుగింటి మనిషి వైన్ తాగడం లేదు, పంది తినడం లేదు అన్న ఫిర్యాదు మతవిచారణ న్యాయస్థానానికి పనికొచ్చే సాక్ష్యం. అంతకు ముందే, 1504లో, ఉత్తరాఫ్రికాలో అల్ వహ్రానీ అనే ముఫ్తీ వాళ్ల కోసం ఒక ఫత్వా రాశాడు. బలవంతంగా తాగిస్తే తాగండి, తినిపిస్తే తినండి, మనసులో మాత్రం కాదనుకోండి అని. ఒక ముఫ్తీ తన ప్రజలకు హరామ్ తాగడానికి అనుమతి రాస్తూ కూర్చున్న ఆ రాత్రి ఎట్లా గడిచి ఉంటుందో ఊహించండి. తాగినా ఫలితం దక్కలేదు. 1609 నుంచి 1614 దాకా సుమారు 3 లక్షల మందిని దేశం దాటించారు. పరీక్షలో నెగ్గిన వాళ్లను కూడా.

ఇక్కడ లౌకిక మిత్రులు గాలిబ్‌ను గుర్తు చేస్తారు, నాకు తెలుసు. 1857 తర్వాత తెల్ల కల్నల్ "నువ్వు ముస్లింవా?" అంటే "సగం ముస్లింను, తాగుతాను గానీ పంది తినను" అన్నాడని కథ. నాకూ ఇష్టమైన కథే. అయితే ఆ నవ్వు వెనక ఉన్నది కూల్చేసిన ఢిల్లీ. ప్రశ్న వేసినవాడి చేతిలో ప్రాణం ఉంది. ఆ హాస్యాన్ని లౌకికతకు కొలబద్దగా మార్చి నా ముందు పెట్టకండి. తాగే ముస్లిం కూడా ముస్లిమే, అతని లెక్క అతనికీ అల్లాకూ మధ్య ఉంది. కాకపోతే అతన్ని సాక్షిగా పిలిచి నన్ను బోనెక్కించొద్దు. నన్ను చూపించి అతన్నీ ఎక్కించొద్దు.

నిజానికి మఠం, మద్యం జంట మాకు కొత్తది కాదు. అబ్బాసీల కాలంలో బాగ్దాదు ముస్లిం షోకిళ్లు పండగపూట ఊరిబయటి క్రైస్తవ మఠాలకు తోటల కోసం, వైన్ కోసం షికారు పోయేవాళ్లు. పదో శతాబ్దంలో అల్ షాబుష్తీ ఆ మఠాల మీద ఒక పుస్తకమే రాశాడు. అరబ్బీలో మఠాన్ని 'దైర్' అంటారు. ఆ మాటే ఫార్సీ మీదుగా ఉర్దూ గజల్లోకి వచ్చి గుడి అనే అర్థంలో స్థిరపడింది. ముషాయిరాలో 'దైర్-ఓ-హరమ్' అని వినగానే వాహ్ వాహ్ అనే మనం, ఆ మాటలో ఒక సన్యాసుల ద్రాక్షతోట దాగి ఉందని అనుకోం. ఇక రియాజ్ ఖైరాబాదీ జీవితమంతా మద్యం మీద షేర్లు రాశాడు, చుక్క ముట్టలేదంటారు. ఈ సంస్కృతిలో తాగినవాడూ తాగనివాడూ ఒకే మహఫిల్లో కూర్చున్నారు.

మా ఊళ్లోనూ కూర్చున్నారు. నల్లగొండ జిల్లా పల్లెలో మా నాన్న పంతులు. సాయంత్రాలు తాటివనంలో దోస్తుల మధ్య కూర్చునేవాడు. గౌడు మామ చెట్టు దిగి అందరికీ కల్లు వంపేవాడు. నాన్న ముందుకు వచ్చేసరికి కుండ దాటిపోయేది, ఉడికిన గుడాలు దోసిట్లో పడేవి. "సారు తాగడు" అనేది అక్కడ వార్త కాదు, వేపచెట్టు చేదన్నంత మామూలు మాట. పీర్ల పండక్కి అదే గౌడు మామ మా ఇంట్లో మలీద తినేవాడు. కల్మా చదవమని ఆయన్ని ఎవరూ అడగలేదు. అంతా స్వర్గంలా ఉండేదని నేననను, ఆ ఊళ్లో కులం గోడలు ఎంత ఎత్తున ఉండేవో చూసినవాణ్నే. ఈ ఒక్క మర్యాద మాత్రం వాళ్లకు తెలుసు. పక్కన కూర్చోవడమే కలయిక, మింగడం కాదు.

ఇప్పటి మిత్రులకు కూర్చోవడం చాలడం లేదు. నమాజీ మిత్రుడికి నేను అక్కడ కూర్చోకూడదు, నాస్తిక మిత్రుడికి కూర్చున్నాక తాగాలి.

మఠం దుకాణంలో సన్యాసుల పేరుతో మూలికల మద్యం కూడా అమ్ముతారు. వాళ్లకు అది పాపం కాదు, పూజలో భాగం. ఆ సన్యాసులు నేటికీ పాటించే బెనెడిక్టు నియమావళి ఆరో శతాబ్దంలో రాసింది, అందులో నలభయ్యో అధ్యాయం తాగుడు కొలత మీద. సన్యాసికి వైన్ అసలు తగదని పెద్దలన్నారని మొదట ఒప్పుకుంటాడు. ఈ కాలపు వాళ్లు వినరు గనక రోజుకొక చిన్న కొలత చాలంటాడు. ఎవరికైనా మానుకోగల శక్తిని దేవుడు ఇస్తే వాళ్లకు దక్కే ప్రతిఫలం వాళ్లకుంటుందని కూడా అదే అధ్యాయంలో రాసిపెట్టాడు. వైన్ వంపే బల్ల దగ్గర గ్లాసు బోర్లించేవాడికి ఆ ముసలి సన్యాసి పదిహేను వందల ఏళ్ల కిందటే చోటు ఉంచాడు. ఎందుకు తాగవని అతన్ని అడగమని మాత్రం ఎక్కడా రాయలేదు.