ఇరవై బోరు

మట్టి పళ్లాలను కొట్టడానికి నేను కాగితం మీద వేటగాడినయ్యాను. అమెరికా చట్టం అలాంటిది. విజిటర్ వీసా మీద వెళ్లినవాడు మామూలుగా తుపాకి ముట్టకూడదు, వేట లైసెన్సు ఉంటే ముట్టవచ్చు. అందుకని మేము బహ్రెయిన్ నుంచి డాలస్‌లో దిగిన మర్నాడే మా బావమరిది నాకూ, పన్నెండేళ్ల మావాడికీ టెక్సాస్ వేట లైసెన్సులు తీయించాడు. "పిట్టను కొట్టమని ఎవరూ అడగరు బావా, కాగితం ఉంటే చాలు" అన్నాడు.

వాడిది ఇరవై బోరు పంపు తుపాకి. మా తాతయ్యది పన్నెండు బోరు. సూళ్లూరుపేట దగ్గర మా ఊళ్లో, పులికాట్ బాతుల కోసం కొన్నారట. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ పని మానేశారు. నాకు ఊహ తెలిసేసరికి అది గోడకు వేలాడుతూ ఉండేది, ఎన్నికలప్పుడు మాత్రం పోలీస్ స్టేషనుకు వెళ్లి వచ్చేది. పన్నెండు కన్నా ఇరవై పెద్దదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదట. గొట్టం లోపలి వెడల్పుకు సరిపోయే గుండ్లు ఒక పౌను సీసంలో ఎన్ని వస్తే అది అన్ని బోర్ల తుపాకి. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. కంప్యూటర్లు చదివినవాడికి ఇలాంటి తిరగేసిన లెక్కలంటే ముచ్చట.

వించెస్టర్ కంపెనీ 1912లో తెచ్చిన పేరున్న పంపు తుపాకి కూడా మొదట ఇరవై బోరులోనే వచ్చింది. మా వాడి తుపాకి మూడు కిలోలు కూడా ఉండదు. ముందు పిడిని వెనక్కి లాగితే ఖాళీ తూటా బయటికి ఎగిరి పడుతుంది, ముందుకు తోస్తే కొత్తది లోపలికి వెళుతుంది. తేలికది గదా అని భుజానికి వదులుగా ఆనిస్తే మాత్రం తంతుంది. మోయడంలో మిగిలిన బరువు భుజం దగ్గర వసూలు చేసుకుంటుందన్నమాట.

ఏడో పళ్లెం పగిలింది. పేరుకు మట్టిది గాని, అది సున్నపురాయి పొడీ తారూ కలిపి చేసిన పళ్లెం. ఆకాశంలో నల్లటి పొడి అయిపోయింది. మావాడు ఎగిరి గంతేశాడు. దాచడమెందుకు, నేనూ గంతేశాను. వీటిని ఇంగ్లీషులో మట్టి పావురాలంటారు. ఒకప్పుడు నిజం పావురాలనే ఎగరేసి కొట్టేవాళ్లు. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లోనూ కొట్టారు. పావురం కోసం తొడ కోసి ఇచ్చిన శిబి కథ విని పెరిగినవాళ్లం మనం. ఆ పూట నాకు శిబి గుర్తుకు రాలేదు. అంతకన్నా దగ్గరిది కూడా గుర్తుకు రాలేదు. ఈ నాలుగు మాటలు రాయడం దానికోసమే.

2011 ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేను మనామాలోనే ఉన్నాను. పెర్ల్ రౌండెబౌట్ దగ్గర జరిగింది పేపర్లలో చదివే ఉంటారు. ఏప్రిల్ నడిమి దాకా పోయిన ప్రాణాలు 35 అని ఆ నవంబరులో బస్సియూని కమిషన్ తేల్చింది. వాటిలో కొన్ని ఈ రకం తుపాకుల వల్లే. అక్కడివాళ్లు దీన్ని షోజన్ అంటారు. నాతో పనిచేసే ఒక బహ్రెయినీ తన తమ్ముడి ఎక్స్‌రే ఫోన్‌లో చూపించాడు. వీపు నిండా ఆవగింజలంత తెల్ల చుక్కలు. లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశాను. కొన్ని ఇప్పటికీ లోపలే ఉన్నాయట. తీయబోతే ఇంకా చెరుపు జరుగుతుందన్నారట డాక్టర్లు. వీధిలో పిల్లలు ఏరుకొచ్చిన ఖాళీ తూటా ఒకటి చాలాకాలం అతని కారులో గేరు పక్కన ఉండేది.

"కత్తితో కూరలూ కోస్తాం, గొంతులూ కోస్తారు. కత్తిది తప్పా?" అన్నాడు మా బావమరిది ఆ రాత్రి. కత్తికి కూరలు తరిగే పని వేరే ఉంది, తుపాకికి రెండో పని లేదు, పళ్లాలు కొట్టడం కూడా ఆ మొదటి పనికి సాధకమే అన్నాను. "అయితే మరి కోడికూరో?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. చెయ్యి కంచంలోనే ఉంది.

వాడు తప్పు చేస్తున్నాడని నేననను. తుపాకిని బీరువాలో పెట్టి తాళం వేస్తాడు, తూటాలు వేరే గదిలో పెడతాడు, పిల్లలకు గొట్టం ఎటు తిప్పకూడదో ముందు నేర్పి ఆ తర్వాతే చేతికిస్తాడు. నన్ను కలవరపెట్టేది నా సంగతి. గంటసేపు కాల్చాను. ఆ గంటలో ఒక్కసారైనా ఆ ఎక్స్‌రే నా కళ్ల ముందుకు రాలేదు. వస్తే గురి కుదిరేది కాదు, రానందుకు ఇప్పుడు నిద్ర కుదరడం లేదు. ఇంత తేలిగ్గా మరిచిపోగలిగినవాడు దాన్ని సొంతానికి ఉంచుకోవచ్చా? "మీకు గ్రీన్‌కార్డు రానివ్వండి బావా, మేనల్లుడికి ఇలాంటిదే కొనిపెడతాను" అని వాడు మాటిస్తే వద్దన్నాను. ఎందుకో సరిగ్గా చెప్పలేకపోయాను. మా ఆవిడ వాళ్ల తమ్ముడి వైపే మాట్లాడింది.

తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుతుంటే మావాడి మేజోడులో పసుప్పచ్చ తూటా దొరికింది. ఇరవై బోరువి పసుపు రంగులోనే చేస్తారు. పొరపాటున పన్నెండు బోరులో వేస్తే జారి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టమే పగులుతుంది.

"మామయ్య ఇచ్చాడు. ఖాళీదే కదా నాన్నా" అన్నాడు.

బహ్రెయిన్ కస్టమ్స్ వాళ్లు ఊరుకోరని చెప్పి తీసేసుకున్నాను. వాడు నమ్మాడు. అసలు కారణం ఇంకా వాడికి చెప్పలేదు.