గీతలు గీసిన తాత

ఒకే కాలువ మీద రెండు ఊళ్లు. నీళ్లు ముందు చేరేది ఎగువూరికి, తర్వాత దిగువూరికి. ఏటా కనుమ నాటి సాయంత్రం రెండు ఊళ్ల మధ్య చెడుగుడు పోటీ జరిగేది. గెలిచిన ఊరికి వెండి షీల్డు. మళ్లీ కనుమ దాకా దాన్ని తమ రామాలయంలో పెట్టుకోవచ్చు. ఆ షీల్డు ఎగువూరి రామాలయం దాటి బయటకు రాక ఎన్నేళ్లయిందంటే, దిగువూళ్లో పుట్టి, పెరిగి, పెళ్లిళ్లయినవాళ్లు కూడా దాన్ని చేత్తో ముట్టి ఎరగరు.

దిగువూరి బరి చెరువు గట్టు కింద ఉండేది. దాని బాగోగులు చూసేది ఒక తాత. వయసులో ఉన్నప్పుడు ఆయనా ఆడాడు, ఆయనా ఓడాడు. మోకాలు చెడ్డాక ఆట మానేశాడు గాని బరిని వదల్లేదు. ధనుర్మాసం రాగానే పలుగు పట్టుకుని గట్టిపడ్డ నేలను గుల్ల చేసేవాడు. రాళ్లు ఏరేవాడు, కాలువ నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి తడిపేవాడు. పోటీ రోజు తెల్లవారుజామున సున్నం పోసి గీతలు గీసేవాడు. మధ్య గీత మాత్రం తాడు కట్టి మరీ గీసేవాడు. సాయంత్రానికి ఆ గీతల మీదే తన ఊరి కుర్రాళ్లు ఓడిపోయేవాళ్లు. చీకటి పడ్డాక అందరూ వెళ్లిపోతే, తాత ఒక్కడే మిగిలి, ఎవరైనా జారవిడిచిన తువ్వాలో, చెప్పులో ఏరి పెట్టేవాడు.

ఆ ఊళ్లోనే ఒక రైసు మిల్లు బాబుగారు ఉండేవారు. ఒక సంక్రాంతికి ఆయనకు పౌరుషం వచ్చింది. పట్నం నుంచి ఇద్దరు ఆటగాళ్లను డబ్బిచ్చి రప్పించారు. కుర్రాళ్లందరికీ కొత్త బనియన్లు కొన్నారు. ఆ ఏడు ఓడారు, మరుసటి ఏడూ ఓడారు. మూడో ఏట కూడా ఓడేసరికి బాబుగారు బరి పక్కనే నిలబడి పెద్ద గొంతుతో అన్నారు: "దున్నని ఎద్దుకు ఎంతకాలం మేత వేస్తాం?" పై ఏడు ఆయన కుర్చీ ఎగువూరి వాళ్ల వైపు కనిపించింది. గెలిచేవాళ్ల పక్కన కూర్చుంటే పండగ పండగలా ఉంటుందని చెప్పుకున్నారట.

ఆ తర్వాత దిగువూరికి గడ్డురోజులు వచ్చాయి. కుర్రాళ్లు పనుల కోసం వలస పోయారు. ఒక ఏడు ఏడుగురు కూడా దొరకలేదు. ఆరుగురితోనే బరిలోకి దిగారు. వాళ్లలో నాయకుడు ముందు రాత్రంతా కోడిపందేల దగ్గర కూర్చుని, తెల్లారి కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. ఓటమి గురించి ఎన్నడూ ఒక్క మాట అనని తాత ఆ రోజు వాణ్ని అందరి ముందూ నిలదీశాడు. "ఓడిపోతే నేనేం అనన్రా. పక్కన ఉన్న అయిదుగురూ నీకోసం ఒళ్లు హూనం చేసుకుంటంటే, నువ్వు నిద్రమొహంతో వస్తావా?" వాడు తల దించుకున్నాడు. మరుసటి ఏడు వాడే అందరికంటే ముందు పలుగు పట్టుకుని తాత ఇంటి ముందు నిలబడ్డాడు.

ఒకసారి మిల్లు బాబుగారు దారిలో ఆగి అడిగారు. "ఏం తాతా, ఇంకా గీతలు గీస్తూనే ఉన్నావా? నీకేం లాభం?"

తాత చేతికున్న సున్నం దులుపుకున్నాడు. "లాభం సంగతి నాకు తెల్దు బాబుగారూ. మా పిల్లలు ఆడతన్నారు, నేను చూడ్డానికొస్తన్నాను. గెలిస్తే సంతోషమే. ఓడిన్నాడు మాత్రం వాళ్లు ఎవరి పిల్లలవుతారండీ?"

ఏళ్లు గడిచాయి. ఎగువూరి ఆటగాళ్లలో మంచివాళ్లను పట్నం జట్లు పట్టుకుపోయాయి. మిగిలినవాళ్లు రెండుసార్లు పేలవంగా ఆడేసరికి, గెలుపు అలవాటైన జనం రావడం మానేశారు. జనం రాని చోట స్థలం ఎందుకని వాళ్ల బరిలో రొయ్యల చెరువు తవ్వేశారు. షీల్డు రామాలయం అటక మీదకు చేరింది.

అప్పటికి మిల్లు బాబుగారికి పన్నెండేళ్ల మనవరాలు. బడిలో ఎవరో నేర్పిన కబడ్డీ ఆ పిల్లకు ప్రాణమైపోయింది. ఎక్కడ ఆడాలి? చుట్టుపక్కల పది ఊళ్లు వెతికితే, గుల్ల నేలా, సరైన గీతలూ ఉన్న బరి ఒకే ఒక్కటి దొరికింది. చెరువు గట్టు కింద, దిగువూళ్లో. బాబుగారు మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక గట్టు మీదే నిలబడిపోయారు. తాత ఆయన్ను ఏమీ అడగలేదు. పిల్ల వైపు తిరిగి, "చెప్పులు గట్టు మీద విడిచి రా తల్లీ. ఇయ్యాళ కూత నేర్చుకుందువుగాని" అన్నాడు.

దిగువూరు ఆ ఏడు కూడా షీల్డు గెలవలేదు.

నీతి: ఓడే జట్టును వదలనివాళ్లు ఆటకు ఊళ్లో చోటు లేకుండా పోనివ్వరు. రేపు పుట్టబోయే ఆటగాళ్లు వాళ్లకు రుణపడి ఉంటారు.

ఇలాంటి కథలకు చివర్లో దిగువూరిని గెలిపించడం ఆనవాయితీ. నేను కావాలనే గెలిపించలేదు. ఓపిక పడితే కప్పు వస్తుందని పిల్లలకు చెప్పడం న్యాయం కాదు. చాలా జట్లకు రాదు. కప్పే కూలి అనుకుంటే, కూలి అందనివాళ్లంతా మోసపోయినట్టే కదా. తాత మోసపోలేదు.

కథలో రెండు ఊళ్లకు జరిగినది మన హైదరాబాద్ చుట్టూ నిజంగానే జరిగింది, అదీ ఒకటికి రెండుసార్లు.

2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఐపీఎల్ ఫైనల్. డెక్కన్ ఛార్జర్స్ ఆరు పరుగుల తేడాతో రాయల్ ఛాలెంజర్స్ బెంగళూరును ఓడించింది. అంతకు ముందు ఏడు అట్టడుగున ఉన్న మన జట్టు కప్పు ఎత్తింది. మూడేళ్లు తిరిగేసరికి, 2012లో, ఆ జట్టే లేకుండా పోయింది. ఓడిన బెంగళూరు మాత్రం ఉంది. 2011 ఫైనల్లో చెన్నై చేతిలో 58 పరుగులతో ఓడింది. 2016లో సొంత చిన్నస్వామి స్టేడియంలో, సొంత జనం ముందు, సన్‌రైజర్స్ హైదరాబాద్ చేతిలో ఎనిమిది పరుగులతో ఓడింది. కోహ్లీ ఒక్కడే 973 పరుగులు చేసిన సీజన్ అది. మరుసటి ఏడు ఈడెన్ గార్డెన్స్‌లో 49 పరుగులకే కుప్పకూలింది. 2019లో పట్టికలో ఆఖరి స్థానం. అయినా ప్రతి వేసవికీ, ఈసారి కప్పు మనదేనని కన్నడంలో అరుస్తూ ఎర్ర చొక్కాలు స్టేడియం నింపాయి. అనంతపురం, చిత్తూరు జిల్లాల్లోనూ, ఉద్యోగాలకు బెంగళూరు వెళ్లిన మన కుర్రాళ్లలోనూ ఆ ఎర్ర చొక్కా తొడిగినవాళ్లకు కొదవ లేదు. పక్కవాళ్లు వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకుని, మళ్లీ టీవీ ముందు కూర్చున్నారు.

2024 మార్చిలో స్మృతి మంధాన నాయకత్వంలో ఆ క్లబ్బు మహిళల జట్టు ముందుగా కప్పు తెచ్చింది. 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో పురుషుల జట్టు, పద్ధెనిమిదో సీజన్‌లో, పంజాబ్ మీద ఆరు పరుగులతో గెలిచింది. 2009లో ఎంత తేడాతో ఓడిందో అంతే తేడా. పద్ధెనిమిది సీజన్లూ ఒకే జట్టుకు ఆడిన కోహ్లీ ఆఖరి ఓవర్లోనే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మరునాటి సంగతి రాయకుండా ఈ జట్టు అభిమానుల గురించి రాయడం తప్పు. జూన్ 4న సంబరం చూద్దామని చిన్నస్వామి స్టేడియం దగ్గరకు చేరిన జనంలో తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు. ఎక్కువమంది కుర్రవయసు వాళ్లు. విశ్వాసం ఒకవైపు నుంచే ఉంటే చాలదు. అన్నేళ్లు నిలబడ్డవాళ్లను ఒక్క సాయంత్రం క్షేమంగా ఇంటికి చేర్చడం, క్లబ్బులకూ, ఆట నడిపే పెద్దలకూ ఏ కప్పు కంటే ముందుండాల్సిన బాధ్యత.

రెండో సంగతి ఫుట్‌బాల్‌ది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. ఒక వైపు హైదరాబాద్ ఎఫ్‌సీ, ఇంకో వైపు కేరళ బ్లాస్టర్స్. స్టాండ్లలో ఎటు చూసినా కేరళ నుంచి తరలివచ్చిన పసుపు చొక్కాలే. 1-1తో సమమై ఆట పెనాల్టీలకు వెళ్లింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, హైదరాబాద్ 3-1తో గెలిచింది. కేరళకు అది మూడో ఫైనల్ ఓటమి. 2014లోనూ, 2016లోనూ వాళ్ల గుండె ఇలాగే పగిలింది.

గెలిచిన హైదరాబాద్ ఏమైంది? ఏడాదిన్నర తిరక్కుండానే ఆటగాళ్లకు జీతాలు అందని స్థితి వచ్చింది. 2023-24 లీగ్‌లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. మూడు ఫైనళ్లు ఓడిన కేరళ జట్టుకు మాత్రం కేరళ ఉంది.

ఇందులో హైదరాబాద్ అభిమానులను నేను తప్పుపట్టను. జట్టు పుట్టిందే 2019లో. గచ్చిబౌలిలో ఆడిన మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. తర్వాతి రెండు సీజన్లూ కోవిడ్ వల్ల మొత్తంగా గోవాలోనే, ఆ ఫైనల్ తప్పిస్తే దాదాపు ఖాళీ స్టాండ్ల మధ్య జరిగాయి. కప్పు గెలిచిన ఆటను ఈ నగరం టీవీలోనే చూసింది. కలిసి ఓడడానికి కూడా కొంత కాలం కావాలి. తడిసిన టికెట్టు జేబులో పెట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి బస్టాపు దాకా నడిచిన సాయంత్రాలు కావాలి. ఆ జట్టుకూ ఈ ఊరికీ అవి దక్కలేదు. దక్కినంతలో కొందరు కుర్రాళ్లు డప్పులతో, జెండాలతో, జట్టు వరసగా ఓడుతున్న రోజుల్లోనూ గచ్చిబౌలికి వచ్చారు. వాళ్ల ప్రేమకు లోటు లేదు. యజమాని క్లబ్బును ఎత్తుకుపోతే అభిమాని ఏం చెయ్యగలడన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు లండన్‌లో ఒక పేట జనం చెప్పిన జవాబు నాకు ఎంతో ఇష్టం. వింబుల్డన్ అనగానే మనకు టెన్నిస్ గుర్తొస్తుంది. అక్కడొక ఫుట్‌బాల్ క్లబ్బు ఉండేది. 1988లో మహాబలమైన లివర్‌పూల్‌ను 1-0తో ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచింది. తర్వాత సొంత మైదానం పోయింది, అప్పులు పెరిగాయి, యజమానులు మారారు. క్లబ్బును దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించుకోవచ్చని 2002 మే 28న ఫుట్‌బాల్ సంఘం నియమించిన కమిటీ అనుమతి ఇచ్చేసింది. అభిమానులు ఏడ్చారు, పోట్లాడారు. ఆపైన తమ జట్టును తామే మళ్లీ పుట్టించుకున్నారు. ఊరి ఉమ్మడి పచ్చిక మైదానంలో, వచ్చినవాళ్లందరికీ అవకాశమిస్తామని పిలిచి ఆటగాళ్లను ఎంపిక చేశారు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని పేరు పెట్టి, అభిమానుల ట్రస్టు చేతిలో ఉంచారు. ఆ జూలైలో సటన్‌లో ఆడిన మొదటి స్నేహపూర్వక మ్యాచ్‌లో 0-4తో చిత్తుగా ఓడారు. ఆ ఓటమిని చూడ్డానికి 4,657 మంది వచ్చారు!

తొమ్మిదో అంచె లీగ్‌లో, ఎవరూ పట్టించుకోని చిన్న మైదానాల్లో ఆడడం మొదలుపెట్టి, 2011కి నాలుగో అంచెకు, అంటే అసలు ఫుట్‌బాల్ లీగ్‌లోకి చేరారు. 2020లో తమ పాత మైదానం ఉన్న ప్లౌ లేన్ వీధిలోనే కొత్త స్టేడియం కట్టుకుని ఇంటికి తిరిగొచ్చారు. 1988 నాటి ఎఫ్ఏ కప్ లాంటి గెలుపు వాళ్లకు మళ్లీ రాలేదు. రాకపోయినా ఆ పేటలో ఇవాళ ఒక పిల్లవాడు తన పేట పేరున్న జట్టు ఆటకు వాళ్ల నాన్నతో నడిచి వెళ్లగలుగుతున్నాడు.

హైదరాబాద్‌కు ఆ శక్తి లేదనుకోను. సిటీ పోలీస్ జట్టును వరసగా అయిదుసార్లు, 1950 నుంచి 1954 దాకా, రోవర్స్ కప్ ఫుట్‌బాల్ విజేతగా నిలిపిన కోచ్ రహీం సాబ్ ఊరు ఇది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి చేర్చిందీ ఆయనే. ఆ పేరు తెలిసిన ముసలివాళ్లు పాతబస్తీలో, సికింద్రాబాద్‌లో ఇంకా ఉన్నారు.

నగర శివార్లలో అజీజ్ నగర్ దగ్గర డెక్కన్ ఎరీనా అనే మైదానం ఉంది. అది శ్రీనిధి డెక్కన్ ఫుట్‌బాల్ జట్టుది. ఐ-లీగ్‌లో 2022-23లోనూ, 2023-24లోనూ ఆ జట్టు రెండో స్థానం దగ్గరే ఆగిపోయింది. పై లీగ్‌కు, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌కు, వెళ్లే అవకాశం మొదటి స్థానానికే దక్కింది. వరసగా రెండేళ్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లకు పక్కన మనుషులు కావాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీని బీరువాలో మడిచి పెట్టిన కుర్రాళ్లు తమ డప్పులు పట్టుకుని అక్కడికి వెళ్తే చూడాలని నా కోరిక. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న చెల్లెళ్లను కూడా తీసుకెళ్లాలి.