రాగం ఎవరి సృష్టి?

రాగం అనాదిగా వున్నదా, మనిషి కల్పించినదా? యిది పండితుల కాలక్షేపానికి పుట్టిన ప్రశ్న కాదు. కళలో మానవ శ్రమకు స్థానమేమిటన్న ప్రశ్న యిందులో యిమిడి వున్నది.

రాజోలు ప్రాంతపు శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగేసి స్వరాలతో లవంగి, మహతి రాగాలను వెలువరించినప్పుడు సంగీతలోకంలో వివాదం రేగింది. స్వరాలున్నప్పుడు రాగాలూ వున్నట్టే, మనిషి సృష్టించడమేమిటని కొందరు ఆక్షేపించారు. నేడు కంప్యూటరు కూడా వారి పక్షాన సాక్ష్యం పలుకుతున్నట్టు కనిపిస్తుంది.

బిందువులను గీతలతో కలిపి, ఆ సంబంధాలను పరిశీలించేది గ్రాఫ్ సిద్ధాంతం. 1736లో దానికి నాంది పలికిన ఆయిలరే 1739లో సంగీత సిద్ధాంతంపై గ్రంథం ప్రకటించాడు. పదిహేడవ శతాబ్దిలో వేంకటమఖి చెప్పిన 72 మేళాలను నేను నెట్‌వర్క్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేరుకు అప్పగించి, ఒక్క స్వరం మాత్రమే తేడా వున్న మేళాలను గీతతో కలపమన్నాను. ఏ మేళం నుంచి ఏ మేళానికైనా అయిదు గీతలకు మించి నడవనక్కరలేదు. కనకాంగి నుంచి రసికప్రియకు సరిగ్గా అయిదు. అలాగే షడ్జమాన్ని వుంచి, మిగిలిన పదకొండు స్వరస్థానాలలో మూడింటిని ఎన్నుకొంటే 165 కూర్పులు వస్తాయి. లవంగి, మహతి వాటిలోనే వున్నాయి.

అయితే బాలమురళి చేసినదేమీ లేదా? ఆ పట్టికకు 165లో ఏదైనా ఒకటే. వాటిలో ఒకదానిని ఏరి, గమకమిచ్చి, "ఓంకారాకారిణి" కృతి కట్టి, సభలో పాడి, శ్రోతల చెవిలో నిలిపిన తర్వాతనే లవంగి రాగమయింది. సాధ్యతను సృష్టిగా భ్రమించడం పాత భావవాదమే. కంప్యూటరు నోట పలికినంత మాత్రాన అది శాస్త్రం కాజాలదు.

పైగా ఆ పన్నెండు బిందువుల చిత్రమే ఒక రాజీ. పంచమం మీద పంచమంగా పన్నెండుసార్లు ఎక్కితే కంపనాలు సుమారు 129.75 రెట్లవుతాయి. ఏడు స్థాయిలు ఎక్కితే 128 రెట్లు. రెండూ కలవవు. చక్రం కొసను మొదటితో కలిపినది మనిషే. హార్మోనియం మెట్లలో ఆ తేడాను ముందే సర్దివుంచుతారు. తంబురా ముందు కూర్చున్న గాయకుడు దానిని పాడేవేళ చెవితో తేల్చుకోవాలి.

ఆ చెవి సాధనతో వస్తుంది. సాధనకు గురువు కావాలి, తీరిక కావాలి. బాలమురళి తండ్రి వేణు విద్వాంసుడు, తల్లి వైణికురాలు, గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. యీ మాట ఆయన ప్రతిభను తగ్గించదు. ప్రతిభ పండడానికి నేల కావాలని మాత్రమే చెబుతుంది. కోనసీమలో కొబ్బరికాయలు దింపే కూలీ బిడ్డకు నేడు యీ సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. తంబురా పక్కన కూర్చునే పదేళ్లు దొరకవు. ఆ పదేళ్లు సమాజంలో ఎవరికి దక్కుతున్నాయి, ఎవరికి దక్కడం లేదు? రాగం ఎవరి సృష్టి అని వాదించే విద్యార్థులూ అధ్యాపకులూ ముందుగా యీ లెక్క తేల్చాలి.