ఆర్కిడ్‌కు చెందిన చీకటి

సూర్యుడు చొరబడని గదిలో, మనిషి వెలిగించిన దీపం కింద ఒక మొక్కను పెంచడం దానికి చేసే సేవా, దాన్ని మభ్యపెట్టడమా అన్న ప్రశ్న విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ పరిసరాల్లో తోటపనితో ముగిసిపోయేది కాదు. ఉప్పుగాలికి కిటికీలు మూసుకునే ఇంట్లో ఆర్కిడ్‌కు ఆధారమయ్యే ఎల్‌ఈడీ దీపమే సముద్రం మీద చేపలను వలలోకి రప్పించే సాధనం కూడా అవుతుంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు విస్తరించే ప్రత్యేక ఆర్థిక మండలిలో అలాంటి దీపాలతో వేటాడటాన్ని కేంద్ర ప్రభుత్వం 2017లో నిషేధించింది. దీపం ఒకటే అయినప్పుడు ఒకచోట అది పోషణగా, మరొకచోట అపరాధంగా మారడానికి కారణమేమిటో విచారించవలసి ఉంది.

బృహదారణ్యకోపనిషత్తులో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ణి మనిషి ఏ వెలుగుతో మసలుతాడని అడుగుతాడు. సూర్యుడు అస్తమిస్తే చంద్రుడు, చంద్రుడూ లేకపోతే అగ్ని, అగ్ని చల్లారితే వాక్కు, అదీ ఆగిపోతే ఆత్మ అని సమాధానం వరుసగా సాగుతుంది. ఈ వరుసలో మనిషి చేతితో రగిలించుకోగల అగ్ని కూడా సూర్యచంద్రుల సరసన నిలిచింది కాబట్టి, దీపకాంతిని కృత్రిమమన్న ఒక్క కారణంతో తక్కువ చేయడానికి ఆ సంవాదం ఆస్కారమివ్వదు. ఆకులోని పత్రహరితం కూడా వెలుగు పుట్టుకను విచారించదు. తనకు పనికివచ్చే ఎరుపు, నీలం కిరణాలు తగినంత అందితే చాలు, ఆహారం తయారుచేసుకుంటుంది. అందువల్ల దోషం ఏదైనా ఉంటే అది వెలుగులో లేదు.

అది ఎక్కడుందో తెలియాలంటే ఆర్కిడ్ బతికే తీరు చూడాలి. తూర్పు కనుమల్లో కనిపించే వాండా టెసెల్లాటా, 1795లో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో వర్ణించిన మొక్క, చెట్టు కొమ్మను పట్టుకొని పెరిగే బదనికల కోవకు చెందినది. అయితే అది చెట్టు రసాన్ని పీల్చే పరాన్నజీవి కాదు. కొమ్మ దానికి నిలువనీడ మాత్రమే. గాలిలో వేలాడే దాని వేళ్లకు వెలామెన్ అనే మెత్తని తొడుగు ఉంటుంది. ఎండినప్పుడు వెండిలా తెల్లగా కనిపించే ఆ వేరు, నీరు తగిలిన కొద్దిసేపటికే లోపలి ఆకుపచ్చ బయటపడి రంగు మారుతుంది. నీటి లభ్యతపై నమ్మకం లేని ఇలాంటి చోట బతికే అనేక ఆర్కిడ్లు, ఇళ్లలో ఎక్కువగా పెంచే ఫలనాప్సిస్‌తో సహా, పగటి ఎండలో పత్రరంధ్రాలను, అంటే ఆకు ఊపిరి తీసే సూక్ష్మద్వారాలను, మూసుకొని రాత్రి తెరుస్తాయి. చీకట్లో లోపలికి తీసుకున్న బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకొని, తెల్లవారాక వెలుగు సాయంతో దాన్నే చక్కెరగా మలచుకుంటాయి. పగటి వంటకు సరుకు రాత్రే సమకూరుతుందన్నమాట.

మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్‌లకు చేరితే, ఫలనాప్సిస్‌కు 10 నుంచి 15 వేల లక్స్‌లు సరిపోతాయి; రోజుకు 12 నుంచి 14 గంటలు దీపం వెలిగిస్తే చాలు. ఎంత వెలుగిస్తే అంత మేలనుకొని రాత్రంతా దీపం ఉంచేవారు ఆ మొక్క ఊపిరి తీసే సమయాన్నే కాజేస్తారు. సముద్రం మీద జరిగేదీ ఇదే. వేటదీపం చేపకున్న చీకటి రక్షణను తొలగించి, వెలుగు వైపు సాగే దాని స్వభావాన్నే దానికి ఉరిగా మారుస్తుంది. గీత చెప్పే స్వధర్మం మనుషులను ఉద్దేశించినదే అయినా, దాన్ని ఇతర జీవులకూ విస్తరింపజేస్తే, పెంచేవాడి బాధ్యత మొక్కకు తన ఇష్టాన్ని నేర్పడం కాదు, దాని రాత్రిని దానికి వదలడం.

అసలు అడవి మొక్కను గదిలోకి తేవడమే తప్పు కదా అన్న ఆక్షేపణ బలమైనదే. ఆర్కిడ్ విత్తనం ధూళికణంలా ఉండి, లోపల ఆహారనిల్వ లేనందున అడవిలో శిలీంధ్రం తోడు లేకుండా మొలవదు. 1922లో వృక్షశాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన పోషక మాధ్యమంపై శిలీంధ్రం లేకుండానే వాటిని మొలిపించవచ్చని చూపాక, నర్సరీ మొక్కలకు అడవితో పని తగ్గింది. అలాంటి మొక్కను దీపం కింద పెంచడంలో అన్యాయం కనిపించదు. ఏజెన్సీ కొండల్లో కొమ్మల నుంచి బదనికలను పెరికి తెచ్చి కుండీలో వేలాడదీయడం మాత్రం ఎంత ప్రేమతో చేసినా దోపిడీయే.

ఇతర జీవికి దాని కాలాన్ని వదలడం ఈ తీరానికి కొత్త కాదు. నగరానికి ఉత్తరాన తొట్లకొండ, బావికొండల మీద విహారాల్లో బౌద్ధభిక్షువులు నివసించారు. ఏకేంద్రియ జీవులను, అంటే స్పర్శ ఒక్కటే కలిగినవిగా నాటివారు భావించిన మొక్కలను, కాలికింద తొక్కకూడదన్నది, వానాకాలంలో తిరగకుండా ఒకచోట ఉండాలన్న వర్షావాస నియమానికి వినయపిటకం చూపే కారణాల్లో ఒకటి. హార్బరులో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు వేట ఆపడం కూడా చేపల సంతానోత్పత్తి కాలాన్ని వాటికి వదిలిపెట్టే నియమమే. ఒకటి మతశాసనం, మరొకటి ప్రభుత్వశాసనం. అయినా ఇతర జీవి కాలాన్ని మనిషి తన కాలంతో కప్పివేయరాదన్న గ్రహింపు రెండింటిలోనూ ఉంది.

చిక్కు ఇంట్లోనే మిగిలి ఉంది. వేకువనే వేటకు బయలుదేరవలసిన కుటుంబంలో అర్ధరాత్రి దాటాక కూడా దీపం వెలుగుతుంది. ఆ వెలుగు బతుకుతెరువుకు కావలసినది కాబట్టి మొక్క కోసం దాన్ని ఆర్పమనడం న్యాయం కాదు. టైమర్ పెట్టిన దీపంతో ఆర్కిడ్‌ను మనుషులు మసలని మూలకు మార్చడం, అంత చోటు లేని ఇంట్లో రాత్రిళ్లు గాలి ఆడేలా ముదురు గుడ్డను తెరగా కట్టడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. ఆ మాత్రం ఏర్పాటుకూ వీలులేని ఒంటిగది ఇంటికి ఆర్కిడ్‌ను తేకపోవడమే మంచిది.