ఎంత దగ్గరగా చూడొచ్చు?

బియ్యంలో రాళ్ళు ఏరేదెవరు? సూదిలో దారం ఎక్కించేదెవరు? పిల్లదాని జడ విప్పి, పాయలు తీసి పేలు వెతికేదెవరు? ఆకుకూర కట్ట విప్పగానే ఆకు తిప్పి, అడుగున పురుగు గుడ్లు పెట్టిందేమోనని చూసేదెవరు? మనమే కదా! మగవాళ్ళ చూపెప్పుడూ దూరంగానే ఉంటుంది. ఎన్నికలు, క్రికెట్టు, పక్క రాష్ట్రంలో వానలు. దగ్గరగా చూసే పని మాత్రం ఏనాడో మనకు ఒప్పజెప్పేశారు. అందుకని యాభై దాటిన ఇల్లాలు కెమెరా పట్టుకుని చీమల వెంటా, సాలీళ్ళ వెంటా పడిందంటే నవ్వాల్సిన పనేమీ లేదు. వచ్చిన విద్యే! చేటకు బదులు చేతిలోకి లెన్సు వచ్చింది, అంతే.

అయితే ఈ కొత్త సరదాలో దిగాక నాకొక ధర్మసందేహం పట్టుకుంది. ఒక ప్రాణి దగ్గరికి మనం ఎంతవరకు వెళ్ళొచ్చు? వెళ్ళగలిగినంత దూరం వెళ్ళిపోవడమేనా, లేక ఎక్కడో ఒకచోట ఆగాలా? పురుగుల సంగతే కదా అని తేలిగ్గా తీసుకోకండి. చివరికది మనుషుల దాకా వస్తుంది.

మేముండేది సున్నిపెంటలో. శ్రీశైలం వెళ్ళినవాళ్ళలో చాలామంది ఈ పేరు బస్సు బోర్డు మీద చూసే ఉంటారు. 1960లో కృష్ణ మీద శ్రీశైలం ప్రాజెక్టు పని మొదలయ్యాక, ఇంజనీర్లూ, కార్మికులూ, వాళ్ళ పిల్లలూ ఉండడానికి నల్లమల మధ్య వెలసిన కాలనీ ఇది. 145 మీటర్ల ఎత్తు డ్యాము లేచింది, పన్నెండు గేట్లూ వచ్చాయి, పని చేసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మావారి ఉద్యోగం పుణ్యమా అని వచ్చిన మేము మాత్రం ఇక్కడే ఉండిపోయాం. చుట్టూ ఉన్నది దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. 1983 నుంచీ పులుల సంరక్షణ పథకం కిందే ఉంది. వచ్చేవాళ్ళందరూ పులి కనిపిస్తుందా అని అడుగుతారు. అనుమతి లేకుండా అడవిలో అడుగు పెట్టకూడదు, పెట్టినా పులి మనకోసం కూర్చుని ఉండదు. నాకు ఆ బెంగ లేదు. నా పులులన్నీ గోరింట చెట్టు మీదా, పెరటి గోడ మీదా దొరుకుతాయి.

కెమెరా మా చెల్లెలి కొడుకుది. వాడు కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చాడు. కెమెరాకూ లెన్సుకూ మధ్య తగిలించే బోలు గొట్టం ఒకటి కూడా ఇచ్చి, "పెద్దమ్మా, ఇందులో అద్దం గిద్దం ఏమీ లేదు, ఉత్త గాలి. దీన్ని తగిలిస్తే లెన్సు ముందుకు జరిగి చీమ కూడా ఏనుగులా కనిపిస్తుంది" అన్నాడు. నిజంగానే కనిపించింది. కానీ ఆ ఏనుగు కాలొక్కటే స్పష్టంగా ఉంది, తక్కినదంతా మసక. గాలి కాస్త వీచినా ఆకు ఊగుతుంది. మనం ఊపిరి పీల్చినా ఫొటో చెదురుతుంది. తెల్లవారుజామున గాలి లేనప్పుడు, మంచుకు పురుగులింకా బద్ధకంగా ఉన్నప్పుడు వెళ్ళాలనీ, పైనుంచి కాక పురుగు కళ్ళకు సమానంగా కిందికి దిగి తీయాలనీ, అన్నిటికన్నా ముందు దాని కన్ను స్పష్టంగా రావాలనీ మెల్లగా తెలిసొచ్చింది. ఒకరోజు గోడవార బోర్లా పడుకుని గండుచీమను చూస్తూంటే పక్కింటామె పరుగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా, కళ్ళు తిరిగినాయా?" అని!

ఇందులో ఒక చిత్రముంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఎక్కువ కనిపిస్తుందనుకుంటాం కదా? కెమెరా లెక్క వేరు. పురుగును దాని అసలు సైజంత బొమ్మగా తీయాలంటే, లెన్సు కన్నాన్ని బాగా చిన్నది చేసుకున్నా సరే, స్పష్టంగా వచ్చే లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. అంటే గోరు మందంతో పెద్ద తేడా లేదు. కన్ను బాగా వస్తే రెక్క మసక, రెక్క బాగా వస్తే కన్ను మసక. ఈ సంగతి తెలిసిన రోజున వంట చేస్తూ చాలాసేపు ఆలోచించాను. పాతికేళ్ళు ఒకే కప్పు కింద బతికిన అత్తాకోడళ్ళు ఒకరి సంగతి ఒకరికి పూర్తిగా తెలుసని నమ్ముతారు. కోడలి నోటి దురుసు అత్తకు స్పష్టంగా కనిపిస్తుంది. దాని వెనకున్న భయం మసకలో ఉండిపోతుంది. దగ్గరగా ఉన్నాం కాబట్టి అంతా చూసేశాం అనుకోవడంలోనే ఉంది తిరకాసు. చూసింది గోరంత. అది కూడా మనం ఎక్కడ చూపు నిలిపితే అక్కడే.

ఆరుద్ర కార్తెలో తొలి వానలు పడగానే ఎర్ర మఖమలు గుడ్డ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు నేలమీదికొస్తాయి, గుర్తున్నాయా? చిన్నప్పుడు అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాచుకోనివాళ్ళు మనలో తక్కువ. ఇప్పుడు వాటిని ఫొటో తీయబోతే అవి ఒక్క క్షణం నిలబడవు. ఇక్కడే మనిషి బుద్ధి పక్కదారి తొక్కుతుంది. పురుగును కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, చలికి బిగుసుకుపోయాక ఆకు మీద కూర్చోబెట్టి తీసేవాళ్ళున్నారు. మంచుబిందువులని మనల్ని నమ్మించడానికి గ్లిజరిన్ కలిపిన నీళ్ళు చల్లేవాళ్ళున్నారు. పిట్టగూడు బాగా కనబడాలని చుట్టూ ఉన్న కొమ్మలు విరిచేస్తే, ఆ పిల్లలు ఎండకూ కాకులకూ దొరికిపోతాయి. అందుకే గూటి ఫొటోలను కొన్ని పోటీల్లో తీసుకోనే తీసుకోరు.

"ఓస్, పురుగే కదా! బొద్దింకను చీపురుతో కొడతావు, దోమకు పొగ పెడతావు. ఆరుద్ర పురుగును అయిదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే పాపమొచ్చిందా?" అంటారు మావారు. ప్రశ్న న్యాయమైనదే. నేను జైనసన్యాసినిని కాను. నా వంటింట్లో బొద్దింక కనిపిస్తే ఇప్పటికీ చీపురే తీస్తాను. కానీ అది నా ఇల్లు కాపాడుకునే పని. దాన్ని నేను ముచ్చట అని పిలవను. ఫొటో తీసేటప్పుడు మాత్రం "ఎంత అందమో చూడండి" అని నలుగురికీ చూపించబోతున్నాను. అందం చూడ్డానికి వెళ్ళి, ఆ అందానికే ఊపిరాడకుండా చేస్తే నేను చూసిందేమిటి? పైగా అలా తీసిన బొమ్మ అబద్ధం కూడా చెబుతుంది. చలికి బిగుసుకుపోయినదాన్ని చూపించి ప్రశాంతంగా కూర్చుందంటుంది. పెళ్ళిచూపుల్లో తల వంచుకుని కూర్చున్న పిల్లను చూసి ఎంత అణకువో అన్నట్టు!

మరి ఓపిక పడితే దొరుకుతుందా? దొరుకుతుందని మూడు వందల ఏళ్ళ కిందటే ఒకావిడ నిరూపించింది. పేరు మరియా సిబిల్లా మేరియన్. 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. పురుగులు బురదలోంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్మే రోజుల్లో, పదమూడేళ్ళ వయసుకే పట్టుపురుగులు పెంచి గుడ్డు నుంచి రెక్కల దాకా బొమ్మలు వేసింది. 1699లో, యాభై రెండేళ్ళ వయసులో, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినాం వెళ్ళింది. ఏ పురుగు ఏ ఆకు తింటుందో ఆ ఆకు మీదే దాన్ని చిత్రించి 1705లో పుస్తకం వేసింది. జామకొమ్మ మీద పిట్టను పట్టుకున్న పెద్ద సాలీడు బొమ్మ కూడా అందులో ఉంది. ఆవిడ కూడా ఎన్నో పురుగులను చంపి భద్రపరిచింది. ఆ రోజుల్లో మరో దారి లేదు. మనకుంది. కెమెరా ఉన్న మనం ఆవిడ దగ్గర నేర్చుకోవలసింది ఆవిడ ఓపిక. గొంగళి పురుగు గూడు కట్టి సీతాకోకచిలుకై వచ్చేదాకా కూర్చుని చూసిన ఓపిక.

ఇక అసలు చిక్కు చెబుతాను. మా వీధి చివర చింతచెట్టు తొర్రలో అరచెయ్యంత సాలీడొకటి ఉంది. పొద్దుగూకాక నెమ్మదిగా గడప దాకా వచ్చి కూర్చుంటుంది. వారం రోజులు వెళ్ళి, ఫ్లాషు లేకుండా చిన్న దీపం వెలుతురులో ఒక ఫొటో సాధించాను. మా చెల్లెలి కొడుక్కి పంపాను. వాడు స్నేహితులకు చూపించాడు. నాలుగు రోజులకు ముక్కూ మొహం తెలియని మనిషి ఫోను చేశాడు. "ఆ చెట్టు ఎక్కడుందో చెప్పండమ్మా, ఒక్కోదానికి ఇంతని ఇస్తాం" అన్నాడు. చెప్పలేదు. ఫోను పెట్టేశాక మాత్రం నా చేతిలో ఉన్నది ఎంత పదునైన వస్తువో అర్థమైంది.

సాలీడును కొనేదెవరు అంటారా? 1899లో పొకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ముదురు నీలంరంగులో మెరిసే ఒక సాలీడును లోకానికి పరిచయం చేశాడు. అది గుత్తిలో, రైల్వే కలప యార్డులో దొరికింది. ఆ తర్వాత వెతికినా అక్కడ మరొకటి కనిపించలేదు. నూరేళ్ళు దాటాక, 2001లో, మన నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో అది మళ్ళీ కనబడింది. కలప దుంగల్లో దాక్కుని రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని నమ్ముతారు. అది బతికే అడవి నూరు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అదీ కలపకూ వంటచెరుకుకూ పల్చబడుతోంది. అందుకే 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దాన్ని అంతరించిపోయే ప్రమాదం అతి ఎక్కువగా ఉన్న జీవుల్లో చేర్చింది. అదే సమయంలో విదేశాల్లో గాజుపెట్టెల్లో పెంచుకునేవాళ్ళకు అదంటే మహా మోజు. చక్కదనమే దాని ప్రాణానికి ముప్పు తెచ్చింది.

అలాగని అసలు ఎవరికీ చెప్పకుండా దాచేద్దామా? అదీ తప్పే. ఉన్నదని తెలియనిదాన్ని ఎవరు కాపాడతారు? చింతచెట్టు కొట్టేవాడికి తొర్రలో ఎవరున్నారో తెలియకపోతే గొడ్డలి ఎందుకాగుతుంది? అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మా ఊళ్ళోనే అటవీశాఖవారి జీవవైవిధ్య పరిశోధన కేంద్రం ఉంది. తెలుసుకుని కాపాడవలసినవాళ్ళకు చెట్టుతో సహా చెబుతాను. ముచ్చట పడేవాళ్ళకు నల్లమల అని చెప్పి ఊరుకుంటాను. ఆడపిల్లల తల్లులకు ఈ కిటుకు కొత్తేమీ కాదు. పిల్ల బాగా చదువుతోందని ఊరందరికీ చెబుతాం, ఏ బస్సులో ఏ వేళకు వస్తుందో అందరికీ చెప్పం.

శ్రీశైలంలో భ్రమరాంబ గుడి వెనక గోడకు చెవి ఆనించి తుమ్మెదల ఝంకారం వినే అలవాటు ఉంది కదా. అరుణాసురుణ్ణి చంపడానికి తుమ్మెదలైన తల్లి అక్కడింకా ఝుమ్మంటూనే ఉందని నమ్మకం. భక్తులు ఎన్ని తరాలుగానో ఆ గోడ దగ్గర నిలబడుతున్నారు. చెవి ఆనిస్తారు, కళ్ళు మూసుకుంటారు, వెళ్ళిపోతారు. లోపల తుమ్మెద ఉందో లేదో తేల్చుకుందామని గోడ తవ్వినవాడు మాత్రం లేడు. శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' సాలీడేనని పెద్దలు చెబుతారు. పురుగుకు కూడా శివుడితో సొంత వ్యవహారమొకటి ఉంటుందని, అందులో మనకు పనిలేదని ఆ కథ కట్టినవాళ్ళకు తెలుసు.

కాబట్టి నా ధర్మసందేహానికి నేను చెప్పుకున్న జవాబు ఇది. దగ్గరికి వెళ్ళొచ్చు, చుట్టంలా. మంచి చుట్టం పిలవని వేళ రాదు, వచ్చినా వంటింటి డబ్బాల మూతలు తీసి చూడదు, మనింటి గుట్టు పక్కింట్లో చెప్పదు. నేను లేచి వచ్చేశాక ఆ పురుగు తన పని తాను చేసుకుంటూనే ఉంటే, ఫొటో మసకగా వచ్చినా నాకు సరే. మీరేమంటారు?