పేరు వెంట నడిచే చప్పుడు

విటాబు వ్యాంగు వికూబ్వా విటాటు.

స్వాహిలీలో ‘నా పెద్ద పుస్తకాలు మూడు’ అనడానికి ఇంతే. ఒకసారి పైకి చదవండి. పుస్తకాలు ‘వి’తో మొదలయ్యాయి. వెనకాలే వచ్చిన ‘నా’, ‘పెద్ద’, ‘మూడు’ అన్నీ ఆ వకారాన్నే అందుకున్నాయి. అవి కింద పడ్డాయని చెప్పాలంటే క్రియ కూడా అదే బాట పడుతుంది: విమేయాంగూకా. ఒక్క పుస్తకమే అయితే కిటాబు చాంగు కికూబ్వా. ఆ ‘చా’ కూడా ‘కి’యే, అకారం తగిలి మెత్తబడింది. మనం వృత్త్యనుప్రాస అని పేరుపెట్టి పోతనకు చేతులు జోడించే పనిని టాంజానియాలో బస్సు కండక్టరు చిల్లర ఇస్తూ చేసేస్తాడు. అది తప్పితే అక్కడ చెడేది కవిత్వం కాదు, వ్యాకరణం.

మన విశేషణం పేరుకు ముందు నిలబడుతుంది, ఒకటా పదా అని చూడదు: పెద్ద పుస్తకం, పెద్ద పుస్తకాలు. అయినా ఆ రుచి మనకు బొత్తిగా తెలియనిదేం కాదు. ‘మూడు చెట్లు’ అంటాం గానీ ‘మూడు పిల్లలు’ అనం, ‘ముగ్గురు’ అంటాం. మనిషి ఎదురైతే అంకె కూడా తీరు మార్చుకుంటుంది. స్వాహిలీ, దాని బంధువులైన బాంటూ భాషలు ఈ సంగతిని అక్కడితో వదిలిపెట్టలేదు. ఏకవచన బహువచనాలను విడిగా లెక్కిస్తే స్వాహిలీలో పేర్లకు ఇలాంటి తరగతులు డజను దాటుతాయి. 1862, 1869లలో రెండు భాగాలుగా వచ్చిన తులనాత్మక వ్యాకరణంలో భాషావేత్త విల్‌హెల్మ్ బ్లీక్ వీటి వరుసను పట్టుకున్నాడు.

మ్టు మ్రేఫు అంటే పొడుగాటి మనిషి. మ్టి మ్రేఫు అంటే పొడుగాటి చెట్టు. ఒంటరిగా ఉన్నంతసేపూ ఇద్దరిదీ ఒకే శ్రుతి. గుంపు కట్టగానే మనుషులు వాటు వారేఫు, చెట్లు మిటి మిరేఫు!

ఇక కిటాబు సంగతి. అది అరబ్బీ నుంచి వచ్చిన మాట. ఆ ‘కి’ అక్కడ మాటలోనే భాగం, ఉపసర్గ కాదు. స్వాహిలీ చెవికి అది తన ఉపసర్గలాగే వినిపించింది, దాన్ని విడదీసి విటాబు చేసేసుకుంది. కూడలి దగ్గర ‘కీప్ లెఫ్ట్’ అన్న బోర్డునూ ఇలాగే కిప్లెఫ్టి చేసి, రెండుంటే విప్లెఫ్టి అంది. ఈ చొరవంటే నాకు భలే ఇష్టం. అలాగని అతిథులందరూ లొంగరు: అరబ్బీ అంకెలు సీటా, సాబా, టీసా (ఆరు, ఏడు, తొమ్మిది) ఏ పేరు వెనక నిలబడినా తమ రూపం వదలవు.

ప్రాణం ఉన్న చోట మరో తమాషా. కిబోకో అంటే నీటిగుర్రం, కొరడా కూడా. కొరడా పెద్దదైతే కిబోకో కికూబ్వా. నీటిగుర్రం మాత్రం కిబోకో మ్కూబ్వా: పేరు వస్తువుల తరగతిది, వెంట నడిచే మాట మనుషుల తరగతిది. చెవికి పొందిక చెడినా సరే, ఊపిరికే ఓటు.

చోటుకూ ఇంత మర్యాదే. ‘నా ఇల్లు’ న్యూంబా యాంగు. ఆ ఇంటికి ‘ని’ చేర్చి న్యూంబాని అన్నారో, ‘నా’ అన్నది ఇక ఇంటి మాట వినదు, చోటు మాట వింటుంది. ఫలానా అని చూపించే చోటైతే పాంగు, ఆ వైపు అని చెప్పేదైతే క్వాంగు, నాలుగు గోడల లోపలైతే మ్వాంగు.

పేరు బలం ఎంతటిదంటే, అసలు అదే పలక్కపోయినా సాగిపోతుంది. కప్పులూ రొట్టెలూ మామిడిపళ్ళూ ఉన్న దార్ ఎస్ సలామ్ దుకాణంలో ‘ఆ పెద్దవి ఇవ్వండి’ అనాలి. తెలుగులో అయితే చెయ్యి చూపించక తప్పదు. అక్కడ వీలే వికూబ్వా అంటే కప్పులు, ఈలే మికూబ్వా అంటే రొట్టెలు, యాలే మాకూబ్వా అంటే మామిడిపళ్ళు.