చేసినవాడిదా, చేయించినవాడిదా

సొమ్ము ఇచ్చి, తనకు కావలసిన తీరు చెప్పి, మరొకరి చేత చేయించుకున్న పనికి కర్త ఎవరు? ఇంటి ప్లాను గీయించుకోవడం, వెబ్‌సైటుకు డిజైనర్ చేత ప్రత్యేకంగా ఒక రూపం చేయించుకోవడం, గుడి కట్టించడం, అన్నిటి వెనకా ఉన్నది ఈ ప్రశ్నే. తెలుగు దీనికి క్రియలోనే ఒక జవాబు పెట్టుకుంది. ‘కట్టు’కు ‘ఇంచు’ చేరితే ‘కట్టించు’. కట్టినవాడు వేరు, కట్టించినవాడు వేరు. అయినా వాడుకలో ఫలానా గుడి ఫలానా రాజు కట్టాడనే అంటారు. ఆ ‘ఇంచు’ జారిపోయిన చోట తగవు మొదలవుతుంది.

ములుగు జిల్లా పాలంపేట గుడి దీనికి మంచి సాక్ష్యం. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు దాన్ని 1213లో ప్రతిష్ఠించాడని అక్కడి శాసనం. లోపలి దేవుడికి పేరు కూడా కట్టించినవాడిదే, రుద్రేశ్వరుడు. జనం మాత్రం ఆ పేరు పట్టించుకోలేదు. రామప్ప గుడి అన్నారు. రామప్ప అంటే దాన్ని చెక్కిన శిల్పి అని నమ్మారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పుడు రుద్రేశ్వరుడి పేరు ముందు వచ్చింది, రామప్ప పేరు కుండలీకరణంలో పడింది. కాగితం మీద ఎలా ఉన్నా, వరంగల్‌లో బస్సెక్కేవాడు రామప్పకే టికెట్ అడుగుతాడు.

వ్యాకరణ శాస్త్రంలో ఈ విషయం చాలా ముందే తేలింది. క్రియలో స్వతంత్రుడైనవాడు కర్త అని చెప్పిన పాణిని, ఆ వెంటనే వచ్చే సూత్రంలో అతన్ని ప్రేరేపించినవాడికీ కర్త అనే పేరిచ్చాడు; హేతువు అని ఇంకో పేరు కూడా పెట్టాడు. అంటే ఒక పనికి ఇద్దరు కర్తలు. మరొకరి మాట మీద పనిచేసేవాడు స్వతంత్రుడెలా అవుతాడన్న సందేహం రాక మానదు. పనిముట్టుతో పోల్చి చూస్తే అది తీరుతుంది. గొడ్డలితో ఎవరూ కూలి బేరం ఆడరు. వడ్రంగితో ఆడతారు, ఎందుకంటే అతను కుదరదనగలడు. పని ఒప్పుకున్నాక కూడా ఉలి ఎక్కడ ఆనించాలో, ఎక్కడ ఆపాలో అతని చెయ్యే నిర్ణయిస్తుంది. చెప్పినవాడి అధికారం ఆ చేతి దాకా వచ్చి ఆగిపోతుంది.

క్రియ ఫలం ఎవరికి చెందుతుందన్నది వేరే లెక్క. సంస్కృతంలో కొన్ని ధాతువులకు దాన్ని బట్టి క్రియారూపమే మారుతుంది. ఫలం కర్తకే చెందేటప్పుడు ఆత్మనేపదం, ఇతరులకు చెందేటప్పుడు పరస్మైపదం. యజమాని యజ్ఞం చేస్తే ‘యజతే’, అతని కోసం ఋత్విక్కు చేస్తే ‘యజతి’. మంత్రం అదే, అగ్ని అదే, మారింది చివరి అక్షరం ఒక్కటే.

వేదకర్మల అర్థాన్ని విచారించే మీమాంసకులు ఈ తేడా మీదే పెద్ద చర్చ నడిపారు. జ్యోతిష్టోమం అనే సోమయాగానికి పదహారుగురు ఋత్విక్కులు కావాలి. హోమం, పాట, పఠనం అన్నీ వాళ్లే చూస్తారు. యజమాని చేతితో జరిగేది కొద్దే. అయినా స్వర్గం యజమానిదే. ఎందుకంటే ఋత్విక్కులకిచ్చే దక్షిణ దానం కాదు, పరిక్రయం. తేట తెలుగులో చెబితే, కుదుర్చుకున్న కూలి. వంటవాడికి జీతం ముట్టింది, కడుపు నిండేది భోక్తకి. ఈ వాదం ఎంత కచ్చితమైనదో సత్రయాగంలో తెలుస్తుంది. అందులో పదిహేడు నుంచి ఇరవైనలుగురి దాకా కలిసి చేస్తారు, అందరూ యజమానులే, అందరూ ఋత్విక్కులే. ఒకరినొకరు కుదుర్చుకోలేదు గనుక అందులో దక్షిణ లేదు, ఫలం మాత్రం ఒక్కొక్కరికీ పూర్తిగా దక్కుతుంది.

మీమాంసకుల లెక్క యజ్ఞానికి సరిపోతుంది, శిల్పానికి సరిపోదు. యజ్ఞంలో ప్రతి అడుగూ వేదం ముందే చెప్పింది. ఋత్విక్కు కొత్తగా కల్పించేది లేదు, కల్పిస్తే అది దోషం, ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. శిల్పితో, కవితో బేరం అలాంటిది కాదు. కొనేవాడికి తాను కొంటున్నది ఎలా ఉంటుందో తెలియదు. తెలిసినవాడైతే మరొకరి దగ్గరికి వచ్చేవాడే కాదు. తన ఊహకు అందనిదాన్నే అతను సొమ్మిచ్చి అడుగుతున్నాడు. అలాంటప్పుడు కూలితో పాటు కర్తృత్వం కూడా చేతులు మారిందనడం తొందరపాటే.

తెలుగు కవులు ఈ చిక్కును ఒక బంధుత్వంలో పెట్టి తేల్చారు. కావ్యం రాసినవాడు కృతికర్త, అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త, కావ్యం కన్యక. తండ్రి పిల్లను ధారపోస్తాడు. ఇక ఆమె అత్తవారింటి ఇల్లాలు, వాళ్ల వంశానికి కీర్తి తెస్తుంది. అలాగని తండ్రి తండ్రి కాకుండా పోడు. ఫలం ఒకరికి వెళుతుంది, పుట్టుక ఒకరితో ఉండిపోతుంది. నేటి వాడుకలో ఆడపిల్లను ఇచ్చిపుచ్చుకునే పోలిక ఇబ్బందిగా తోచవచ్చు, తోచాలి కూడా. కానీ రెండు సంబంధాలను ఒకదానితో ఒకటి కలపకుండా నిలబెట్టడంలో దానికి సాటి మాట ఇంకా దొరకలేదు. తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికి ఇచ్చాడు, భారతానికి వచ్చేసరికి హరిహరనాథుణ్ణి కృతిభర్తను చేశాడు. అల్లుణ్ణి ఎంచుకునే హక్కు తండ్రిదేనని అంతకంటే గట్టిగా చెప్పడం కష్టం.

గుడి విషయంలో చేయించేవాడి వాటా ఇంకొంచెం లోతుగా దిగుతుంది. శిల్పశాస్త్రాలు చెప్పే కొలతల్లో మాత్రాంగుళం ఒకటి. మనిషి మధ్యవేలి నడిమి కణుపే దానికి ప్రమాణం. ఆ మనిషి యజమాని కావచ్చు, ఆచార్యుడు కావచ్చు. యజమాని వేలైతే అతని శరీరమే రాతిలోకి కొలతగా వెళుతుంది. సొంతానికి చేయించుకోవడం అన్న మాటకు ఇంతకన్నా అక్షరార్థం ఉండదు. కొలత ఇచ్చినంత మాత్రాన రూపం ఇచ్చినట్టు కాదు, రూపం స్థపతిది, అంటే ప్రధాన శిల్పిదే. విగ్రహానికి చివరి పని, కళ్లు తెరవడం, కూడా స్థపతి చేతుల మీదుగా జరుగుతుంది. ఆ తరువాత అతన్ని సత్కరించి సాగనంపుతారు. ప్రతిష్ఠాపన ఆచార్యుడి చేతిలోకి వెళుతుంది. చేసినవాడు అంత దాకా తాకిన విగ్రహానికి ఆ మీదట దూరం నుంచి దండం పెట్టుకోవలసిందే. ఆచారం దీన్ని శుద్ధి అంటుంది. అందులో కులం లెక్క కూడా ఉందని ఒప్పుకోకపోతే చర్చ సగమే జరిగినట్టు.

సిద్దిపేట జిల్లా చేర్యాల పటాల్లో ఈ వాటాలు ఇంకా విడివిడిగా కనిపిస్తాయి. కూనపులి కథకుడు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతాడు. చెప్పడానికి పటం కావాలి. గీయడం అతనికి రాదు. నకాశీ చిత్రకారుడి దగ్గరికి వెళతాడు. గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఆరబెట్టిన ఖాదీ గుడ్డ మీద ఎర్రటి నేల పరుచుకుంటుంది, ఉడుత వెంట్రుకల కుంచె బొమ్మల అంచులు గీస్తుంది. కథ గళ్లు గళ్లుగా పైనుంచి కిందికి దిగుతుంది. ఏ ఘట్టం తరువాత ఏ ఘట్టమో చెప్పేది కథకుడు, నిజానికి అది అతని చేతిలోనూ లేదు, కులపురాణానిది. ముఖం తీరు, కళ్ల సాగుదల, రంగు చిత్రకారుడివి. చేయించినవాడి వెనక కూడా ఇంకొకరు ఉన్నారు: కథ వినే కులం. పటం చిరిగి పనికిరాకపోతే చెత్తలో వేయరు, దేవుడి విగ్రహాన్ని సాగనంపినట్టు నీటిలో కలుపుతారు. సొంతదారు అనే మాట అక్కడ చివరి దాకా ఎవరికీ పూర్తిగా అతకదు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం కర్మకు అయిదు కారణాలు చెబుతుంది: ఆశ్రయం, కర్త, సాధనాలు, వేర్వేరు చేష్టలు, దైవం. ఆ అయిదింటిలో కర్త ఒకటే. తానొక్కడినే కర్తనని అనుకునేవాడు సరిగ్గా చూడనట్టే. ఇది అహంకారానికి మందుగా చెప్పిన మాట. కూలి ఎగ్గొట్టడానికి వాడుకోదగ్గది కాదు. చేయించినవాడు ఈ శ్లోకం చేసినవాడికి వినిపించే సందర్భాలు తక్కువేమీ ఉండవు.

ఆధునిక చట్టం కూడా ఫలాన్నీ కర్తృత్వాన్నీ విడదీసింది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా మొదటి హక్కు రాసినవాడిదే. సొమ్మిచ్చి గీయించుకున్న చిత్రం, తీయించుకున్న ఫొటో లాంటి కొన్నిటికి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు చేయించినవాడిది. ఉద్యోగి కాని డిజైనర్ రాసిన కోడ్ అందులోకి రాదు. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప అది అతనిదే. అన్నీ బదిలీ అయ్యాక కూడా 57వ సెక్షన్ రెండు హక్కులు మిగుల్చుతుంది: ఇది నేను చేసిందని చెప్పుకునే హక్కు, తన పేరుకు మచ్చ వచ్చేలా దాన్ని చెరిపితే అడ్డుకునే హక్కు.

ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం కేంద్ర ప్రభుత్వం 1957లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు కంచు కుడ్యశిల్పం చేసే పని అప్పగించింది. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. ముక్కలు విరిగాయి, కొన్ని పోయాయి. శిల్పి ఆ 57వ సెక్షన్ పట్టుకునే కోర్టుకెక్కాడు. గోడ మాది, సొమ్ము మాది, శిల్పం మాదేనన్నది ప్రభుత్వ వాదన. 2005లో ఢిల్లీ హైకోర్టు ప్రభుత్వం చేత శిల్పికి అయిదు లక్షల రూపాయలు ఇప్పించింది. ఆ శిల్పం మీద ప్రభుత్వానికి ఇక ఏ హక్కూ లేదని, మిగిలిన ముక్కలన్నీ సెహగల్‌కే తిరిగి ఇచ్చేయాలని ఆదేశించింది.